పది యాంపుల ఫ్యూజు

పోయిన మంగళవారం సొరంగంలో ఒక కారు కాలిపోయింది. హెడ్‌లైట్లు వేసిన నిమిషానికే మంటలు లేచాయని వెనక వచ్చిన లారీ డ్రైవరు చెప్పాడు. కారులో చనిపోయిన ఏజెంటు, 'కొంగ' అనే మారుపేరున్న మరో ఏజెంటుకు ప్రాణస్నేహితుడు.

ఈ రోజూ అదే సొరంగం. విదేశీ ముఠా గుట్టు తెలిసిన ఇంజనీరును పదకొండింటికల్లా కోర్టులో దించాలి.

"డ్రైవరువి నువ్వే కొంగా. ఆలస్యమైతే కేసు పోతుంది," అన్నాడు చీఫ్.

షెడ్డులో ఖాకీ చొక్కా వేసుకుని కొంగ లైట్లు వేసి చూశాడు. కుడిది వెలిగింది, ఎడమది వెలగలేదు. బల్బులు అటూ ఇటూ మార్చాడు. బల్బు మంచిదే. పది యాంపుల ఫ్యూజు మాడింది. తన దగ్గరున్న ఒక్క కొత్తదీ పెట్టి స్విచ్ వేశాడు. టప్పున అదీ పోయింది.

"ముప్పై యాంపులది పెట్టండి. ఇంక పోదు." ఎస్కార్టుగా వచ్చిన ఏజెంట్ సంపెంగ నల్లకళ్ళద్దాలు సర్దుకుని, హ్యాండ్‌బ్యాగులోంచి ఆకుపచ్చ ఫ్యూజు తీసి ఇచ్చింది.

టైం పదీ ఇరవై. స్విచ్ ఆపి, పెట్టేశాడు. పెట్టాక మనసు పీకింది. లిప్‌స్టిక్ ఉండాల్సిన చోట ఫ్యూజు ఎందుకుంది?

పక్కకు వెళ్ళి నాన్నకు ఫోన్ చేశాడు. ఆయన ముప్పై ఏళ్ళుగా ఆటో ఎలక్ట్రీషియన్. కొడుకు ఏదో ఆఫీసులో గుమాస్తా అని ఆయన నమ్మకం.

"పదికి ముప్పై పెట్టావా? నీ చదువు తగలెయ్య. ఫ్యూజు పోయేదే వైరు కాలకుండా ఉండటానికిరా. ముందది పీకు. తర్వాత వైరు వెంబడే చూసుకుంటూ వెళ్ళు."

ఫ్యూజు పీకబోతూ బానెట్ కింద వంగి చూశాడు. ఎడమ లైటు వైరుకు ఎవరో కొత్త తీగ మెలిపెట్టారు. అది పెట్రోలు గొట్టం చుట్టూ స్టవ్ కాయిల్‌లా చుట్టుకుని ఉంది.

"ఎంతసేపయ్యా? వెలుగుతోందా లేదా?" అప్పటికే ముందు సీట్లో కూర్చున్న ఇంజనీరు విసుగ్గా స్విచ్ నొక్కాడు.

తీగ ఎర్రబడింది. గొట్టం మీద రబ్బరు పొగలు కక్కింది. కొంగ ఫ్యూజు లాగేశాడు. వేళ్ళు చురుక్కుమన్నాయి.

తలెత్తి చూస్తే సంపెంగ గేటు దగ్గర ఉంది. పక్కన కారు కడుగుతున్న ఇద్దరు నీళ్ళ గొట్టం వదిలేసి ఆమెకు అడ్డం నిలిచారు. వాళ్ళూ డిపార్ట్‌మెంటు వాళ్ళే.

"మంగళవారం ఫ్యూజు కూడా మీరే ఇచ్చారా?" అడిగాడు కొంగ.

"అవును. థాంక్స్ కూడా చెప్పాడు."

కొంగ మళ్ళీ బానెట్ కిందికి వంగాడు.

తీగ పీకేసి, ఒంటి లైటుతోనే సొరంగం దాటించాడు. పదీ యాభై ఎనిమిదికి ఇంజనీరు కోర్టు మెట్లెక్కాడు. కొంగ కారు పక్కకు తీసి ఆపాడు. ఫోన్ మోగింది.

"లైటు వెలిగిందా?"

"లేదు నాన్నా. ఒక్కదానితోనే వచ్చేశా."

"నయమే, గుమాస్తా పనైనా దొరికింది. మెకానిక్‌వైతే పస్తులుండేవాడివి."