హిమాయత్‌నగర్ బస్సులో తెల్ల దస్తి

“‘గివి అవే’ అని చెప్పుమన్నడు మీ మామ, మాస్తర్. గంతే. లైన్ కట్టయింది.”

ఎస్టీడీ బూత్ ఇందుబాయి అంత తేలిగ్గా చెప్పి పల్లీలు ఒలుచుకోవడంలో మునిగిపోయింది. పోశన్న మునిగింది మాత్రం చెమటలో.

“గివి అంటే ఏవి? అవి అంటే ఏవి?”

“నాకేం ఎరుక? సామాన్లు గిట్ల పంపిండేమో మీ మామ. లైన్ల ఒకటే గరగర.”

మామ అంటే హైదరాబాద్‌లో నాగన్న సర్. నాగన్న సర్ అంటే, దేశంలో పాతికమందికే తెలిసిన ఒక రహస్య శాఖకు పెద్ద. పోశన్న ఆ శాఖలో ఏజెంట్ పదకొండు. మహారాష్ట్రలోని ఈ నాందేడ్‌కు మాత్రం అతను ఉత్త స్పోకెన్ ఇంగ్లీష్ మాస్తరు. దేశం కోసం వేషం వేసి పదకొండేళ్లయింది. వచ్చినప్పుడు గూఢచారి. పదకొండేళ్లు మెస్సు భోజనం తిన్నాక గూఢం ఆవిరైపోయి చారు మిగిలింది. శాఖ ఇచ్చిన పెన్ కెమెరా ఒకటి జేబులో ఉంది. అది ఫొటో తీయదు. పోనీ అంటే రాయదు కూడా.

నిన్నటి ఫోనులో నాగన్న సర్ నేరుగా విషయానికొచ్చాడు.

“పోశన్నా, మన లిస్ట్ పోయింది. పదమూడు మంది ఇన్ఫార్మర్ల పేర్లు, ఒక ఫ్లాపీల. మొదటి పేరు సుమంగళ.”

“కంప్యూటర్ క్లాస్ సుమంగళనా? ఆమె ఆ విదేశీ ముఠా మనిషి గద సర్!”

“అట్లని వాళ్లనుకుంటున్నరు. డబుల్ ఏజెంట్. ఫ్లాపీకి సీల్ వేసి ఆమె చేతికే ఇచ్చిండ్రు. రేపు నాందేడ్ నుంచి నాలుగింటికి పోయే హిమాయత్‌నగర్ బస్సుల, వాళ్లు చెప్పిన సీటు మీద తెల్ల దస్తిల కట్టి పెట్టాలె. వాళ్ల మనిషి తీస్కపోతడు. పెట్టకపోతే అక్కడే ఖతం. పెడితే, లిస్ట్ చదివినంక ఖతం.”

“సీటు నంబర్?”

“ఆమెకే తెలుస్తది. నువ్వు కోడ్ వర్డ్ అంటే నీకు చెప్తది. కోడ్ రేపు పదకొండింటికి.”

ఆ పదకొండింటికి ఏజెంట్ పదకొండు క్లాసులో ఉన్నాడు; ఫోను ఇందుబాయి ఎత్తింది. బోర్డు మీద ‘గివ్ అవే: గుట్టు బయటపెట్టుట. సొంత వాక్యంలో వాడండి’ అని రాసి నిలుచున్నాడు. బట్టల దుకాణం కైలాశ్ సేట్ లేచి, “మై వైఫ్ గేవ్ అవే మై ఏజ్, సర్” అన్నాడు. క్లాసంతా నవ్వింది. కంటికి ఎదురుగా ఉన్న ఆ మాటే గంట తర్వాత చెవిలో పడితే మాస్తరు గుర్తుపట్టలేదు. తిరిగి ఫోన్ చేద్దామంటే హైదరాబాద్ లైన్ చచ్చి కూర్చుంది.

మూడున్నరకు బస్టాండ్. 1998 మే ఎండ. సుమంగళ నల్ల కళ్లద్దాలు, నీలం షిఫాన్ చీర. ఎండకే చెమట పట్టించే మనిషి. చేతిలో ముడివేసిన తెల్ల దస్తి, అదే చేతిరుమాలు.

పోశన్న పక్కకు వెళ్లి గొంతు తగ్గించాడు. “గివి అవే.”

“కాయ్? ఏంది?”

“గివి... అవే.”

ఆమె అతన్ని తల నుంచి కాలిదాకా చూసింది. “సిగ్గు లేదా? తలకాయ నెరిసింది” అని విసురుగా జరిగిపోయింది. పోశన్న కాళ్ల కింద నేల కూడా ఆమె వెంటే జరిగిపోయింది.

ఇంతలో బస్సు వచ్చింది.

ముఠా ఎంత పెద్దదైనా పరాయిదే కదా. దానికి నాందేడ్ బస్టాండు ధర్మం తెలియదు. ఇక్కడ బస్సు ఆగకముందే జనం కిటికీల్లోంచి సీట్ల మీద దస్తి వేస్తారు. దస్తి పడ్డ సీటు దస్తిగలవాడిది. అందులో ముప్పాతిక వంతు తెల్లవే. వడగళ్లు పడ్డట్టు పడ్డాయి. సుమంగళ చెయ్యి కూడా ఒక కిటికీలో దూరి ఖాళీగా బయటికొచ్చింది. ఏ కిటికీయో తోపులాటలో పోశన్నకు కనబడలేదు.

తొక్కుకుంటూ ఎక్కాడు. నలభై సీట్లు, ముప్పై తెల్ల దస్తిలు. అయిపోయింది. ఫ్లాపీ కోసం వచ్చి ఫ్లాపు. రేపో ఎల్లుండో పేపర్లో మూలన ఒక చిన్న వార్త వస్తుంది: గుర్తుతెలియని మహిళ. పోశన్న కడ్డీ పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

“ఓయ్! నా దస్తి ఎందుకు తీసినవ్ బే?”

కళ్లు తెరిచాడు. బూడిదరంగు సఫారీ సూటువాడొకడు సీట్ల మీది దస్తిలు ఒక్కొక్కటే ఎత్తి దులుపుతున్నాడు. నాందేడ్‌లో పుట్టినవాడు కోపమొస్తే ప్రాణమైనా తీస్తాడు గాని, ఒకడి దస్తి తీయడు. వీడు ఇక్కడివాడు కాదు. వీడే వాడు!

“దస్తి దొంగ! పట్టుకోండ్రి!” అని అరిచాడు పోశన్న.

దస్తీతో మొదలైంది కుస్తీకి దిగింది. చెప్పిన సీటు మీద దస్తి కనబడక మిగతావి వెతికిన సఫారీవాడు, విదిలించుకుని మళ్లీ ఆ పదిహేడో సీటు దగ్గరికే దూకాడు. అక్కడ కర్ఖేలి ఊరి ముసలమ్మ ఎంకవ్వ కూర్చుని ఉంది. తెల్ల దస్తి కనబడితే తనదే అనుకుంది. ముడి విప్పితే నల్ల బిళ్ల ఒకటి దొరికింది. కిటికీ రేకు ఊరికే జారిపడుతోందని ఆ బిళ్లను దాని కింద కుక్కి నిలబెట్టింది. సఫారీవాడు చూశాడు. పోశన్న కూడా చూశాడు. ఇద్దరి మధ్యా నాలుగు మూటలు, ఒక మేకపిల్ల.

సఫారీవాడి చెయ్యే ముందు చేరింది. ఫ్లాపీ లాగాడు. ఆసరా పోయిన రేకు ధడేల్మని దిగింది. మణికట్టు, ఫ్లాపీ, రెండూ విరిగాయి. పదమూడు మంది ప్రాణాలు నల్ల పెంకులై ఎంకవ్వ ఒళ్లో రాలాయి.

“నా గాలి ఆపినవ్ గదరా సచ్చినోడా!” అంది ఎంకవ్వ.

బస్టాండు పోలీసు జమాదార్ వచ్చి సఫారీవాణ్ని తడిమాడు. నడుము దగ్గర పిస్తోలు దొరికింది. వెంటనే ఎవడో పోశన్న వైపు వేలు చూపాడు. “గీ ముసలోడు గూడ తక్కువోడు కాదు సాబ్. గా మేడంను సతాయిస్తుండె!” తలుపు దగ్గరికి వచ్చి చూస్తున్న సుమంగళ ఒక అడుగు వెనక్కి వేసింది.

సరిగ్గా అప్పుడే ఇందుబాయి ఆయాసపడుతూ వచ్చింది. “మాస్తర్! మీ మామ మల్ల చేసిండు. నన్ను తిట్టిండు. ‘గివి అవే’ కాదట, ‘గివ్ అవే’ అట! ఇంగ్లీషట! గది కోడ్ వర్డట!”

బస్సు మొత్తం మెడలు సాచింది. మేకపిల్ల కూడా.

“కోడా?” జమాదార్ లాఠీ సుమంగళ వైపు తిరిగింది. “మరి ఈ బాయికెందుకు చెప్పినవ్?”

ముఠా వాళ్లు ఇంకా ఎక్కడినుంచో చూస్తూనే ఉంటారు. ఇక్కడ ఒక గుట్టు విప్పక తప్పదు. ఎవరిదన్నదే ప్రశ్న. పదకొండేళ్లు మింగిన చారును పోశన్న కక్కేశాడు.

“నేను సర్కారు గూఢచారిని సాబ్. గా సఫారీవాని కోసం వచ్చిన. ఫోన్ల ‘గివ్ అవే’ అంటే ఈ ఇందుబాయి ‘గివి అవే’ అని విన్నది. నేను గదే పట్టుకొని కనబడ్డోళ్లకల్ల అన్న. ఈ మేడం ఎవరో నాకు తెల్వదు.”

“నాకు అనలే!” అన్నాడు ఎవడో.

“నాకన్నడు,” అంది ఎంకవ్వ, లాఠీ ముందు నిలబడ్డ సుమంగళను చూస్తూ. “నోర్మూస్కో.”

సుమంగళ కళ్లద్దాలు సర్దుకుంది. “పిచ్చోడు,” అని దిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. ఇక నాందేడ్‌లో ఇంగ్లీష్ క్లాసూ లేదు, ఏజెంట్ పదకొండూ లేడు. రేపటికి ఈ కథ నాయ్‌గావ్ దాకా పోతుంది.

ఎంకవ్వ ఒళ్లోని పెంకులు దులుపుకుంది. “గా గివ్ అవే అంటే ఏంది బిడ్డా?”

“గుట్టు బయటపెట్టుడు అవ్వా.”

“మరి గిప్పుడు నువ్వు చేసింది గదేనా?”

“గదే అవ్వా,” అన్నాడు పోశన్న, రాయని పెన్ను జేబులోకి తోసుకుంటూ. “సొంత వాక్యంల వాడిన.”