గెంతుతున్న బాణం

"మౌస్ మీద చెయ్యి వేశారంటే ఊరుకోను!"

ఆమె అరుపుకి గుమ్మంలోనే ఆగిపోయాను.

మా ప్రచురణ సంస్థలో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి నేను. అందరూ ప్లగ్గుల డాక్టరంటారు. ఆమె పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తుంది. పది రోజుల క్రితం ధైర్యం కూడగట్టుకుని, మెట్ల దగ్గర "మీరంటే ఇష్టం, పెళ్లి చేసుకుందామా?" అని అడిగేశాను. "వద్దండీ, నన్ను మర్చిపోండి" అంది. కారణం చెప్పలేదు గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పట్నుంచి నాకు తిండి సయించడం లేదు.

ఇప్పుడు ఎడిటర్ గారు పంపితే వచ్చాను. ముఖచిత్రం ఈ సాయంత్రానికి ప్రెస్సుకి వెళ్లాలట.

"తాకను లెండి. మీరే కదిపి చూపించండి."

కదిపింది. తెర మీద మౌస్ బాణం రెండడుగులు నడిచి, ఆగి, ఎక్కడికో గెంతింది. గీస్తున్న కుందేలు చెవి వంకర్లు తిరిగిపోయింది.

"ఎన్నాళ్లుగా ఇలా?"

"మూడు వారాలు. కొత్త మౌస్ తెప్పించాను, ప్యాడ్ మార్చాను. అయినా ఇంతే." ఆమె మౌస్ వదిలేసింది. "తేడా నా చేతిలోనే ఉందండీ. మా నాన్న సైన్‌బోర్డులు రాసేవారు. నలభై ఏళ్లకే చేతులు వణికి కుంచె పట్టలేకపోయారు. నాకు ఇంకా ముందే మొదలైంది. భయంతో పెన్సిల్ కూడా ముట్టుకోవడం లేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. ఇక పెళ్లెందుకు, మీకు భారం కావడానికా?"

మెల్లగా అడిగాను. "మరి ఇంకెవరినీ మౌస్ ఎందుకు పట్టుకోనివ్వరు?"

"మీరు పట్టుకుంటే తిన్నగా నడుస్తుంది. అది చూడలేను."

"ఒక్కసారి. నా కోసం."

ముఖం పక్కకి తిప్పుకుని మౌస్ నా వైపు తోసింది. కదిపాను. బాణం గెంతింది! నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇటు చూడండి, నాకూ గెంతుతోంది!"

"మీరు కావాలని చేస్తున్నారు."

"ఒట్టు!"

బల్ల కింద దూరాను. కంప్యూటర్ వెనక, వైర్‌లెస్ మౌస్ తాలూకు బుల్లి రిసీవర్ని ఆనుకునే బ్యాకప్ హార్డ్‌డిస్క్ కేబుల్ గుచ్చి ఉంది. అలా పక్కపక్కనే ఉంటే డిస్క్ వల్ల మౌస్ సిగ్నల్ దెబ్బతింటుంది. రిసీవర్ పీకి ముందువైపు పెట్టాను.

"ఇప్పుడు మీరు."

బాణం నున్నగా జారింది. ఒక్క గీతలో కుందేలుకి చెవి మొలిచింది. ఆమె రెండు చేతులూ చాపి తిప్పి తిప్పి చూసుకుంది. "హమ్మయ్య" అంటూ ఏడుస్తూనే నవ్వేసింది.

"ఇంతకీ ఆ డిస్క్ అక్కడ పెట్టిన మహానుభావుడెవరు?"

నీళ్లు నమిలాను. "నేనేనండీ. మూడు వారాల క్రితం."

"అంటే, పెళ్లి వద్దని నేను చెప్పడానికి కారణం..."

"నేనే."

ఆమె పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి చెయ్యి చాపింది. "పట్టుకుని చూడండి, వణుకుతోందా?"

పట్టుకున్నాను. ఆ చెయ్యి వెచ్చగా, నిలకడగా ఉంది. వణుకుతున్నది నాదే.

"ఇదేం వణుకు? ఎలా తగ్గుతుంది?"

"మీరు ఊఁ అంటే తగ్గుతుంది."

"ఊఁ" అంది.

అయినా ఆ చెయ్యి నేను వదల్లేదు. ముఖచిత్రం ప్రెస్సుకి గంట ఆలస్యంగా వెళ్లింది.