ఒకే పక్కకు జరిగిన ఊళ్ళు

"మీ పాతకాలం సర్వేయరు తాగి గీసినాడు సార్ ఈ మ్యాపు!"

మునిలక్ష్మి మాటకు ఆంజనప్పకు ఎక్కడలేని రోషం వచ్చింది. అతనూ సర్వేయరే. కోలారు బంగారు గని సర్కారుదయ్యాక అందులో ఉద్యోగంలో చేరినవాడు. తన వృత్తివాణ్ణి, అదీ చనిపోయినవాణ్ణి, అంత మాటంటే ఊరుకుంటాడా?

"నోటికొచ్చినట్ల అనొద్దు మేడం."

"నేను కాదు, లెక్క అంటాండాది."

స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చదువుతున్న ఆమె, నూరేళ్ళు దాటిన కోలారు మ్యాపు ఎంత సరైనదో తేల్చే పని మీద బెంగళూరు నుంచి ఆదివారాలు వచ్చేది. అతను కొండలెక్కి, ఊళ్ళు ఏ దిక్కున ఉన్నాయో థియోడలైట్‌తో కొలిచేవాడు. ఆమె ఆ కోణాలను మ్యాపుతో పోల్చేది. రేపు రిపోర్టు ఇచ్చేస్తే ఇక వచ్చే పనిలేదు. అది తలుచుకుని పొద్దుటి నుంచి ఆంజనప్పకు ముద్ద దిగలేదు.

"చూడండి, కామసముద్రం ఎడమకు జరిగింది. సుగటూరు ఎడమకే. రాయల్పాడూ ఎడమకే!"

"తాగినోడు ఎప్పుడూ ఒకే పక్కకు తూలతాడా మేడం?"

మునిలక్ష్మి తన అంకెలు మళ్ళీ ఒకసారి చూసుకుంది. మనిషి చేతి పొరపాటైతే కొన్ని కుడికి, కొన్ని ఎడమకి పడాలి. అన్నీ ఒకే పక్కకు, ఒకే కొలతలో జరిగాయంటే వేరే కారణమేదో ఉంది.

"మీరు కోణాలు యాడ్నించి కొలిచినారు?"

"ఇంగ యాడ్నించి? ఉత్తరం దిక్కు..."

ఆంజనప్పకు అప్పుడు తట్టింది. గని ప్లానుల్లో బంగారు పొర సాగే వైపునే ఉత్తరమని రాసుకుంటారు. అసలు ఉత్తరానికి అది కాస్త పక్కకు ఉంటుంది. అలవాటుకొద్దీ ఇక్కడా దాన్నే పట్టుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"తప్పు నాదే మేడం. అన్నీ మళ్ళీ కొలిచిస్తాను."

ఆ మాట అంటుంటేనే లోపల ఆశ పుట్టింది. మళ్ళీ అన్ని ఆదివారాలూ!

"మళ్ళీ ఎందుకు? అన్నిట్లో ఆ తేడా తీసేస్తే సరి" అని ఆమె అక్కడే లెక్క కట్టేసింది. మిగిలిన తేడాలు అటు కొన్ని, ఇటు కొన్ని, అన్నీ గోరంతలే. మునిలక్ష్మి మ్యాపుకు చేతులు జోడించి, "తాతా, తప్పయిపోయింది" అంది. ఆమె కళ్ళు చెమర్చాయి.

తలెత్తి చూస్తే ఆంజనప్ప మొహం వాడిపోయి ఉంది.

"ఏమైంది సార్?"

"ముందే తెలిసుంటే ఒక్కో ఊరికి ఒక్కో తప్పు చేసుంటాను మేడం."

"ఎందుకు?"

"అప్పుడు తీసేసేదానికి కుదరదు. మళ్ళీ కొలవాల. మీరు మళ్ళీ రావాల."

బయట చినుకులు మొదలయ్యాయి. మునిలక్ష్మి మ్యాపు చుట్టి పక్కన పెట్టింది.

"వచ్చే ఆదివారం మీరే మాలూరులో మా ఇంటికి రండి. మీ అమ్మను పిల్చుకొని."

"మీ నాయన ఏమంటాడో?"

"పోయిన నెలే ఒప్పించినాను. మీరు ఎప్పుడు నోరు తెరుస్తారా అనే ఇన్నాళ్ళూ చూస్తాండాను."