రెండోసారి కొలత

శనివారం. ఉదయం 11:26.

అయిదు వేల రెండు వందల పౌండ్ల ఉంగరం మాయమైంది.

బర్మింగ్‌హామ్ నగలపేటలో మిసెస్ యార్డ్‌లీ షాపు అది. పోయింది ఎవరో అమాయకుడి కళ్లముందు కాదు. డిటెక్టివ్ సార్జెంట్ డెస్మండ్ ట్రాంటర్ కళ్లముందే. పదకొండేళ్ల సర్వీసు. నడక చూసి దొంగను పోల్చగలడని స్టేషన్‌లో పేరు. అలాంటివాడి మోచేతికి జానెడు దూరంలో, నల్ల వెల్వెట్ ట్రేలో ఉన్న ఉంగరం. అతను అటు తిరిగి ఇటు చూసేసరికి లేదు.

ఆ రోజు అతను డ్యూటీలో లేడు. కస్టమర్‌గా వచ్చాడు. బ్రయొనీని పెళ్లి చేసుకుంటావా అని అడగాలి. అడిగేటప్పుడు చేతిలో ఉంగరం ఉండాలి. ఎంతలో కొనాలో అతనికి తెలియదు. హంతకుల చేత నిజం కక్కించిన మనిషి రెండు ఉంగరాల మధ్య పడి నలిగిపోయాడు.

షాపు తలుపు లోపల బటన్ నొక్కితేనే తెరుచుకుంటుంది. 10:40 తర్వాత ఎవరూ బయటికి వెళ్లలేదు. లోపల ఉన్నది నలుగురు. ఓనరు మిసెస్ యార్డ్‌లీ. వాచీకి బ్యాటరీ వేయించుకోవడానికి వచ్చిన ముసలావిడ మిసెస్ బెడోస్. డెస్మండ్. అతనికి తోడుగా వచ్చిన రెజ్ పార్జెటర్, రిటైరైన బస్సు డ్రైవరు, బ్రయొనీ తండ్రి.

"తలుపు తీయకండి. ఎవరూ కదలొద్దు," అన్నాడు డెస్మండ్.

"కదలడానికి నా మోకాళ్లు ఒప్పుకోవాలిగా నాయనా," అంది మిసెస్ బెడోస్. "అయినా పోలీసు పక్కనుండగానే పోయిందా? భేషుగ్గా ఉంది!"

11:41కి కానిస్టేబుల్ నోరా కీన్ వచ్చింది. అందరినీ అడిగే వెతికింది. కోట్లు, బూట్లు, హ్యాండ్‌బ్యాగులు, రెజ్ టోపీ మడత.

"సార్, మీ జేబులు కూడా," అంది నేల చూపులు చూస్తూ.

డెస్మండ్ చెవులు ఎర్రబడ్డాయి. జేబులు బయటికి లాగాడు. కార్పెట్ ఎత్తారు. చెత్తబుట్ట బోర్లించారు. ఉంగరం లేదు. కెమెరా చూశారు. 11:22 నుంచి 11:26 వరకు కౌంటరు కనపడకుండా రెజ్ వెడల్పాటి వీపు అడ్డం ఉంది.

"నేను లావని మా ఆవిడ ఎప్పుడూ అనేది," అన్నాడు రెజ్. నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

డెస్మండ్ నోరా దగ్గర నోట్‌బుక్ తీసుకున్నాడు. మిసెస్ యార్డ్‌లీ వైపు తిరిగాడు.

"మొదటినుంచీ చెప్పండి. టైములతో సహా."

"10:40కి మీరిద్దరూ వచ్చారు. అమ్మాయి వేలి సైజు తెచ్చారా అని అడిగాను."

"తప్పు నాదే," అన్నాడు రెజ్. "దాని ఉంగరం ఒకటి పట్టుకురమ్మని డెస్మండ్ మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ మర్చిపోయాను."

"అమ్మాయి ఉంగరపు వేలు తన చిటికెన వేలంత ఉంటుందన్నారు ఈయన. అందుకని సైజుల గుత్తి ఇచ్చాను." ఆవిడ వెనక గోడకున్న మేకు వైపు చూపించింది. తాళాలగుత్తి లాంటిదే. తాళాల బదులు సన్నటి స్టీలు చుట్లు, ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం. "ఎల్ సరిపోయింది. 10:55కి స్లిప్పు మీద రాసుకున్నాను."

"తర్వాత?"

"తర్వాత మీరు నలిగారు సార్. అరగంట."

అది నిజమే. నీలం పొదిగిన చిన్న ఉంగరం 1,150. ప్లాటినంలో వజ్రం 5,200. నెల జీతం చాలని స్టేషన్‌లో ఒకడన్నాడు. రెండు నెలలది పెట్టకపోతే జీవితాంతం వినాల్సి వస్తుందని ఇంకొకడన్నాడు. డెస్మండ్ ఎటూ తేల్చుకోలేక, పొద్దున బ్రయొనీ పంపిన మెసేజ్ తీసి మిసెస్ యార్డ్‌లీకి చూపించాడు. "ఆదివారం రెండింటికి ఇంటికి రా. నీతో మాట్లాడాలి."

"తనకి తెలిసిపోయింది," అన్నాడు అప్పుడు, చెవుల దాకా నవ్వుతూ. "ఎదురుచూస్తోంది. చిన్నది తీసుకెళ్తే ఏం బావుంటుంది?"

"చిన్నదే చాలు బాబూ," అన్నాడు రెజ్. "అసలు ఇవాళే కొనాలా? వచ్చే వారం చూద్దాంలే."

పిల్లనిచ్చేవాడు ఇంత పొదుపు మనిషని డెస్మండ్ ముచ్చటపడ్డాడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

"11:20కి పెద్దదే ఇమ్మన్నారు," అని కొనసాగించింది మిసెస్ యార్డ్‌లీ. "సైజు మార్చాక వాపసు తీసుకునేది లేదని చెప్పాను. ఫర్వాలేదన్నారు. నేను బాక్సు కోసం లోపలికి వెళ్లాను."

"నేను కిటికీ వైపు తిరిగి ఫోన్‌లో డబ్బు సేవింగ్స్ నుంచి మార్చుకుంటున్నాను. మధ్యలో ఇంకేమైనా జరిగిందా? ఎంత చిన్నదైనా సరే."

"ఏమీ లేదు. లోపలికి వెళ్లబోతుంటే ఈయన ఇంకోసారి కొలుచుకుంటానన్నారు. గుత్తి ఇచ్చి వెళ్లాను. బాక్సుతో వచ్చేసరికి తిరిగిచ్చారు, మేకుకి తగిలించాను. ఆ తర్వాతే ట్రే చూసుకుని కేకేశాను."

డెస్మండ్ పెన్ను ఆగింది.

మేకు వైపు చూశాడు. పావుగంటగా పిల్లాణ్ని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు వెతుకుతున్నారు.

"ఆ గుత్తి ఇలా ఇవ్వండి."

11:58. అందరూ కౌంటరు చుట్టూ నిలబడ్డారు. ఇలాంటి ఘట్టాలు అతనికి కొత్త కాదు. నిజం చెప్పాలంటే అతనికి ఇష్టం కూడా. గొంతు దానంతటదే సర్దుకుంది.

"సైజు ఎల్ అని 10:55కే స్లిప్పు మీదకెక్కింది. రాసుకున్న కొలతని 11:22కి మళ్లీ కొలవడం ఎందుకు? మనమంతా మనుషుల్ని వెతికాం. మనిషి చేతినుంచి మళ్లీ గోడమీదికి వెళ్లినదాన్ని వెతకలేదు."

గుత్తి చుట్టుకి కొక్కెం ఉంది. తీశాడు. స్టీలు చుట్లు ఒక్కొక్కటే జరిపాడు. ఎల్‌కీ ఎమ్‌కీ మధ్య అక్షరం లేని చుట్టు ఒకటి తగిలింది. తిప్పాడు. రాయి లోపలి వైపుకి ఉంది.

"హమ్మయ్యా!" అంది మిసెస్ యార్డ్‌లీ.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అంది మిసెస్ బెడోస్. "ఈ పిల్లాడు పట్టాడు."

రెజ్ టోపీ తీసి చేతుల్లో నలుపుతున్నాడు.

డెస్మండ్ ఆగలేదు. అదే అతను చేసిన తప్పు. "దొంగయితే జేబులో వేసుకునేవాడు. మీరు షాపు దాటని చోట పెట్టారు. అమ్ముకోవడానికి కాదు. మిసెస్ యార్డ్‌లీకి నష్టం చెయ్యడానికీ కాదు. నేను దీన్ని కొనకుండా ఉండటానికి. ఎందుకంటే..."

ఆ ముక్క తన చెవిన పడ్డాక ఆగాడు. మూడుసార్లు మర్చిపోయిన ఉంగరం. వచ్చే వారం చూద్దాంలే. నీతో మాట్లాడాలి. పదకొండేళ్లు ఇతరుల విషయంలో ఇట్టే అతికిన ముక్కలు, ఇప్పుడూ అంతే తేలిగ్గా అతుక్కున్నాయి. ఆపడం అతని చేతుల్లో లేదు.

"ఒప్పుకోదా?" అన్నాడు మెల్లగా.

"ఒప్పుకోదు బాబూ," అన్నాడు రెజ్. "రెండు వారాలుగా అంటోంది. ఆదివారం నేనే చెప్తాను నాన్నా, నువ్వు నోరెత్తకు అని మాట తీసుకుంది. నిన్న నువ్వేమో ఫోన్ చేసి, రెజ్ గారూ, మీరు తోడు రావాల్సిందే అన్నావు. నన్నేం చెయ్యమంటావు? చెప్తే దానికిచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే నీ డబ్బు పోతుంది. ఈవిడ వాపసు లేదంది. నాకేం తోచలేదు. చేతులు వాటికి తోచింది చేశాయి."

"ఇంకెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు. ఉంటే బావుండేది, వాణ్ని తిట్టుకునేవాళ్లం. నువ్వు మంచివాడివే అంటుంది. అడిగిన ప్రతిసారీ అదే మాట. ఇక నేనేం వాదించను?"

డెస్మండ్ కస్టమర్ల కుర్చీలో కూలబడ్డాడు. ఏడుపొచ్చింది. నలుగురిలో ఏడవలేక, ఉంగరం తీసేసిన గుత్తిని ఒళ్లో పెట్టుకుని చుట్లు తిప్పుతూ కూర్చున్నాడు. ఈ నేరానికి ఏ సెక్షనూ లేదు. అరెస్టు చేయడానికి మనిషి లేడు. ప్రేమించకపోవడం తప్పు కాదని అతనికీ తెలుసు.

"ఎవరైనా ఈ పిల్లాడికి కాస్త టీ పెట్టండమ్మా," అంది మిసెస్ బెడోస్. ఈసారి ఆవిడ గొంతులో ఎకసెక్కం లేదు.

మిసెస్ యార్డ్‌లీ ఉంగరాన్ని ట్రేలో పెట్టింది. ఎల్ అని రాసిన స్లిప్పుని చప్పుడు కాకుండా చింపింది.

"సైజన్నా నిజమేనా?" అన్నాడు డెస్మండ్ తలెత్తకుండా.

"ఏమో బాబూ. అది నా చిటికెన వేలు. దాని చెయ్యి పట్టుకుని నడిచి చాలా ఏళ్లయింది."

నోరా గొంతు సవరించుకుంది. "సార్, రిపోర్టులో ఏం రాయమంటారు?"

"వస్తువు షాపు దాటలేదు. ఫిర్యాదు ఉందా మేడమ్?"

మిసెస్ యార్డ్‌లీ లేదన్నట్టు తలూపింది.

"ఏమీ పోలేదని రాయి."

నోరా రాసింది. 12:08 అని టైము వేసింది.

బయట సన్నగా వాన. పొద్దున ఇద్దరూ డెస్మండ్ కారులోనే వచ్చారు. రెజ్ కారు పక్కన తలుపు తెరవకుండా నిలబడ్డాడు.

"నేను బస్సులో పోతాలే. నాకు పాసుంది."

"తడుస్తారు. ఎక్కండి."

రెండో సిగ్నల్ దగ్గర కారు ఆగింది. అప్పుడు రెజ్ అన్నాడు, ముందు అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తూ.

"బాబూ, ఒక్క మాట. నేను చెప్పానని దానికి తెలిస్తే ఇక నా మొహం చూడదు. నాకు మిగిలింది అదొక్కతే. రేపు... తెలియనట్టే రాగలవా?"

ఎదుటివాడు అబద్ధమాడుతుంటే రెప్పపాటులో పట్టేసే మనిషి డెస్మండ్. రేపు ఆమె ఎదురుగా కూర్చుని, ఆ మాట మొదటిసారి వింటున్నట్టు వినాలి. బ్రయొనీ వంటింట్లో తను ఎప్పుడూ కూర్చునే కుర్చీ గుర్తొచ్చింది.

సిగ్నల్ పచ్చబడింది. వెనక కారు హారన్ కొట్టింది.

"రెండింటికే కదా," అన్నాడు డెస్మండ్. "వస్తాను."