ఒడ్డున ఐదు వస్తువులు

బూట్లు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మేజోళ్ళు మడిచి లోపల పెట్టి ఉన్నాయి.

పిల్ల లేదు.

ఆదివారం మధ్యాహ్నం 1:40. బొసొంట్వి సరస్సు ఒడ్డున ఇన్‌స్పెక్టర్ కొనాడు మోకాళ్ళ మీద కూర్చుని చూస్తోంది. బూట్ల పక్కన స్టీలు సీసా. చేతి గడియారం. బెల్టు. ఫోన్. బూట్ల జతతో కలిపి ఐదు.

పెనుగులాడిన గుర్తులు లేవు. రక్తం లేదు.

పిల్ల పేరు ఒఫోసువా. పదిహేడేళ్ళు. పొద్దున 9:00 గంటలకి కుమాసి నగరపు నడక బృందంతో ఈ ఒడ్డు బాట పట్టింది. 11:30కి తలలు లెక్కపెడితే ఒకటి తగ్గింది.

కొనాడుకి ఇంట్లో పద్నాలుగేళ్ళ కొడుకున్నాడు. పక్కకి వెళ్ళి ఫోన్ చేసింది.

"ఇంట్లోనే ఉన్నావా?"

"ఇంట్లోనే అమ్మా. ఇందాకేగా అడిగావు."

"ఉండు, కదలకు."

బృందం నాయకుడు అడుసే మెడలో ఈల వేలాడుతోంది.

"ఇది సులువైన బాట మేడమ్. ఎక్కుడు లేదు, దిగుడు లేదు. చంటిపిల్లలు కూడా నడుస్తారు."

"మరి ఈ చంటిపిల్ల ఏది?"

అడుసే బూట్ల వైపు చూశాడు.

"ఈ వస్తువులు ఎవరు చూశారు?"

"నేనే. 12:15కి. వెనక్కి వెతుక్కుంటూ వచ్చాను."

"ముట్టుకున్నావా?"

"ఫోన్ ఒక్కటే. వాళ్ళమ్మ నంబరు కోసం."

ఆ తల్లి 3:00 గంటలకి టాక్సీ దిగింది. పేరు సెర్వా. ఒక చేతిలో మాత్రల సీసా, ఇంకో చేతిలో నీళ్ళ ఫ్లాస్కు.

"టేబుల్ మీదే మర్చిపోయింది మేడమ్. దానికి సికిల్ సెల్ రక్తజబ్బు. చలి తగిలినా, నీళ్ళు తక్కువైనా ఎముకలన్నీ పట్టేస్తాయి. పోయినసారి ఆలస్యమైతే ఊపిరే అందలేదు. వద్దన్నాను. ఈ ఒక్కసారే అమ్మా, సులువైన బాటే అమ్మా అంది."

సెర్వా బూట్లు చూసింది. నీళ్ళు చూసింది. గట్టు మీద నిలబడ్డ జాలరుల దగ్గరికి పరిగెత్తింది.

"దిగండయ్యా. వలేసి వెతకండి."

ఒక్కరూ కదల్లేదు. ఊరి పెద్ద తల వంచుకుని చెప్పాడు. "ఆదివారం ఈ నీళ్ళు దేవుడివమ్మా. ఇవాళ మేం ఎక్కే చెక్క పలక దింపకూడదు. తెల్లారనీ."

"నా కూతురికి తెల్లారేదాకా టైము లేదు."

ఆమె బూట్ల పక్కనే ఇసుకలో కూర్చుంది. మాత్రల సీసా మాత్రం వదల్లేదు.

కొనాడు ఇంకో మనిషిని పిలిచింది. మోటార్‌సైకిల్ టాక్సీ నడిపే అతను, పేరు పోకు. పొద్దున బాట మొదట్లో ఒఫోసువాతో మాట్లాడాడని ఇద్దరు చెప్పారు.

"ఏం మాట్లాడావు?"

"నడుస్తూ పోతే కాళ్ళరుగుతాయి, ఎక్కమన్నాను. నవ్వి వెళ్ళిపోయింది. అంతే మేడమ్."

"అంతేనా?"

"బేరం పోయిందని కాస్త తిట్టుకున్నాను. మనసులోనే."

కొనాడు సెర్వా పక్కన కూర్చుంది. "అమ్మా, పొద్దున మీ అమ్మాయి ఇంకా ఏమేం తీసుకెళ్ళింది?"

"గడ్డి టోపీ. గుడ్డ సంచి. పసుపుపచ్చ ప్లాస్టిక్ వానకోటు."

ఆ మూడూ లేవు. ఈ ఐదే ఉన్నాయి.

కొనాడు ఆ ఐదింటినీ మళ్ళీ ఒక్కొక్కటే చూసింది. తర్వాత లేచి జాలరుల పలకల దగ్గరికి నడిచింది. ఈ సరస్సులో పడవలు ఉండవు. ఒకే మానులోంచి చెక్కిన పలక మీద బోర్లా పడుకుని, చేతులతో నీళ్ళు తోసుకుంటూ వెళ్తారు. ఎనిమిది పలకలు ఎండలో పడున్నాయి. ఒక్కోదాని కిందికి చెయ్యి పోనిచ్చింది. ఏడు పొడి. ఎనిమిదోది తడి.

4:20. అందర్నీ ఒడ్డుకి పిలిచింది.

"పోకూ, నువ్వే ఎత్తుకుపోయుంటే ఈ గడియారం, ఫోన్ వదిలేవాడివా?"

"ఛ. బూట్లు కూడా వదలను మేడమ్."

"అందుకే నువ్వు కాదు. అడుసే, జారి పడ్డ పిల్ల బెల్టు విప్పి పెట్టి జారదు. చావాలనుకున్న పిల్ల వానకోటు తీసుకుని టోపీ పెట్టుకుని పోదు."

కొనాడు బూటు ఎత్తింది. తాళ్ళు తగిలించే కొక్కేలు ఎండలో మెరిశాయి.

"కొక్కేలు ఇనుము. సీసా స్టీలు. బెల్టు బకిల్, గడియారం, అన్నీ లోహమే. గుడ్డ, గడ్డి, ప్లాస్టిక్ వెళ్ళిపోయాయి. లోహం ఇక్కడే ఆగింది. ఈ నీళ్ళకి ఇనుము తగలకూడదని ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఆదివారం కాబట్టి ఎవరూ నీళ్ళలోకి వెళ్ళలేదని మీరంతా అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఒకాయన ఆదివారం నియమం తప్పాడు. ఇనుము నియమం మాత్రం తప్పలేకపోయాడు."

ఆమె తడి పలక మీద చెయ్యి వేసింది.

"ఇది ఎవరిది తాతా?"

అడిగింది, ఆ పలక వైపు చూడని ఒక్కర్నే. బోడువా అనే ముసలి జాలరి అప్పటికే ఏడుస్తున్నాడు.

"నాదే. 11:00 గంటలకి బాట పక్కన ముడుచుకుపోయి కనబడింది తల్లీ. అడుగు వెయ్యలేదు. మోయడానికి నా నడుం పని చెయ్యదు. వంపు అవతల మా చెల్లెలుంది, కాపడం పెడుతుందని పలక మీద దాటించాను. కొక్కేలున్నాయని బూట్లు విప్పించాను. ఫోన్ లోపల ఇనుముందో లేదో నాకేం తెలుసు, అదీ పెట్టించాను. మళ్ళీ వచ్చి తీసుకెళ్దామనుకున్నా. పలకని చాటున ఒడ్డెక్కించి, మిగతా వాటిలో కలిపేసి వచ్చేసరికి ఊరంతా ఇక్కడే."

"ఇంతసేపు నోరెందుకు మూసుకున్నావు?"

"పలక దింపానని తెలిస్తే ఊళ్ళో తలెత్తుకోలేను. ఒళ్ళు నొప్పులే కదా, సాయంత్రానికి నడిచొస్తుందనుకున్నా. పైగా ఆ పిల్లే నా చెయ్యి పట్టుకుంది. 'మా అమ్మకి చెప్పకు తాతా, ఇంకెప్పుడూ బయటికి పంపదు' అంది."

సెర్వా మొహం పాలిపోయింది. "తడిసిందా?"

"పలకంటే తడవకుండా ఎలాగమ్మా."

చలి. నీళ్ళ సీసా ఇక్కడే. మాత్రలు ఇక్కడే. ఐదు గంటలు దాటింది.

"జీపులో ఎంతసేపు?"

"ఆ రోడ్డు మీద గంట పైనే," అన్నాడు పోకు. "నా బండైతే ఆ గుంతల్లో అసలు పోదు."

"పలక మీద?"

"అరగంట," అన్నాడు బోడువా. అందరూ ఊరి పెద్ద వైపు చూశారు. ఆయన నీళ్ళ అంచుదాకా నడిచాడు.

"తప్పు ఎలాగూ జరిగింది. దేవుడికి గొర్రెని నేనిస్తాను. బోడువా, దింపు."

సెర్వా అప్పటికే చెవి కమ్మలు తీసేస్తోంది. జడపిన్నులు. గడియారం. పైగుడ్డకి పెట్టిన పిన్నీసు. బకిల్ ఉన్న చెప్పులు. మాత్రలు ప్లాస్టిక్ సంచిలోకి పోసుకుని, మూతి ముడేసి పళ్ళతో పట్టుకుంది. ఈత రాని మనిషి. పలక మీద బోడువా ముందు బోర్లా పడుకుంది.

కొనాడు ఊరి ఆరోగ్యకేంద్రం నర్సుని ఎక్కించుకుని జీపులో చుట్టూ తిరిగి వెళ్ళింది. ప్రతి గుంతలోనూ ఆమెకి చెడే తోచింది. దారిలో కొడుక్కి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు.

5:50కి బోడువా చెల్లెలి ఇంటి ముందు జీపు ఆగింది. లోపల్నించి ఏ చప్పుడూ లేదు. కొనాడు గుమ్మంలోనే ఆగిపోయింది. చేతిలో సాక్ష్యాల సంచి.

పొయ్యి పక్కన మూడు దుప్పట్ల కింద ఒఫోసువా. తల తల్లి ఒళ్ళో ఉంది. పెదాలు పగిలి తెల్లగా ఉన్నాయి. సెర్వా గిన్నెతో చుక్క చుక్కగా నీళ్ళు పోస్తోంది.

గుటక పడింది.

నర్సు నాడి చూసింది. "ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఇప్పుడే. ఇంకో గంటైతే నేనేం చెయ్యగలిగేదాన్ని కాదు."

కొనాడు సంచిలోంచి తీసి గుమ్మం దగ్గర పెట్టింది. కొక్కేల బూట్లు ఒక జత. బకిల్ చెప్పులు ఒక జత.

పిల్ల కళ్ళు తెరిచి అటు చూసింది.

"అమ్మా, నీ చెప్పులు కూడానా?"

"మరేం చెయ్యను. తాత ఎక్కనివ్వడుగా."

"తిడతావా?"

"తిడతాను. ముందు జీపెక్కు."