రాయి మలుపు దగ్గర గట్టయ్య కారు

నిర్మల్ నుంచి ఇచ్చోడకు పోయే ఘాట్ రోడ్డు మీద ఒక మలుపుకు చెడ్డపేరు ఉండేది. డ్రైవర్లు దాన్ని రాయి మలుపు అనేవాళ్లు. చీకటి పడ్డాక అక్కడ బండి ఆపొద్దట. ఆపితే వెనక చక్రం దగ్గర ఎవరో కూర్చుంటారట. టక్కుమని రాయి పెడతారట. దిగి చూస్తే... ఎవరూ ఉండరు. రాయి ఉంటుంది.

నేను నమ్మేవాణ్ని కాదు. లారీ డ్రైవర్లు చెప్పే దెయ్యాలన్నీ నిజంగా ఉంటే ఆ ఘాట్‌లో మనుషులు నడవడానికి చోటు చాలదు. కానీ నాకు ఈ సంగతి చెప్పింది డ్రైవర్లు కాదు, మా వాడకట్టు సరోజన. అడిగిందానికి మాత్రమే జవాబిచ్చే రకం. ఆమెకు కథలు అల్లడం రాదు. నన్ను భయపెట్టింది అదే.

సరోజన తండ్రి గట్టయ్య కొయ్యబొమ్మలు చేసే ఇంట్లో పుట్టాడు. ఆ పని మీద మనసు లేక డ్రైవరీ నేర్చుకున్నాడు. నిజాం మీద పోలీసు చర్య జరిగిన ఏడాది, ఊరు విడిచిపోతున్న ఒక జాగీర్దారు దగ్గర కారు కొన్నాడు. కొన్ననాటికే అది పాతది. పన్నెండేళ్లు గడిచేసరికి ఘాట్ ఎక్కితే మరిగేది, వాన పడితే కారేది. అడుగు రేకు తుప్పు పట్టి గుప్పెళ్ల కొద్దీ రాలేది.

ఆ తుప్పుకు గట్టయ్య తనకు తెలిసిన వైద్యమే చేశాడు. బొమ్మల కొయ్యలో సందులు పడితే పూసే ముద్ద ఒకటి ఉంటుంది — చింతగింజల బంకలో రంపపు పొట్టు కలిపి నూరతారు. దాన్నే కారు చిల్లుల్లో కూరాడు. ఆరాక గరుకు కాగితంతో రుద్ది, బొమ్మలకు వేసే రంగు వేశాడు. నిర్మల్ వాళ్ల చేతి నునుపు తెలిసిందే కదా, చూసినవాళ్లు కొత్త కారనుకునేవాళ్లు. ఆ ముద్ద నూరిచ్చేది అతని భార్య చంద్రవ్వ.

వారం అంగడికి ఇద్దరూ బొమ్మల గంపలు వేసుకొని ఇచ్చోడ పోయేవాళ్లు. క్లీనరును పెట్టుకునే స్తోమత లేదు. ఆ మలుపు దగ్గర కారు మరిగి ఆగిపోతే చంద్రవ్వే దిగి వెనక చక్రానికి రాయి పెట్టేది, గట్టయ్య ఇంజనులో నీళ్లు పోసేవాడు. కారు కదిలాక ఆమె రాయి తీసి పక్కన పడేసి, ఉరికొచ్చి ఎక్కేది. ఆమె అందుకోవాలని అతను నెమ్మదిగా నడిపేవాడు. రాయి పెట్టినవాళ్లే తియ్యాలి... ఆ ఘాట్‌లో అది కట్టుబాటు. మరిచిపోతే వెనకొచ్చే బండికి ప్రాణం మీదికి వస్తుంది.

ఒక సాయంత్రం ఆమె రాయి పెడుతుండగానే చేతిబ్రేకు ఊడింది. బ్రేకు మంచిదే. దాన్ని బిగించిన అడుగు రేకు ఊడింది. పైన రంగు ఉంది, రంగు కింద ముద్ద ఉంది, ముద్ద కింద ఏమీ లేదు.

కారు ఒక మూర వెనక్కు జరిగి ఆగింది. ఆమె పెట్టిన రాయే ఆపింది. కానీ చంద్రవ్వ ఆ మూరలోనే ఉంది.

ఆ రోజు ఆమెను మోసుకొచ్చినవాళ్లలో ఎవరికీ రాయి తియ్యాలన్న ధ్యాస లేదు.

మలుపుకు పేరు పడింది ఆ తర్వాతే.

ఏడాది తిరిగింది. గట్టయ్య కారు వదల్లేదు. బిడ్డను మాత్రం ఎక్కనివ్వలేదు, బొమ్మల గంపలు వేసుకొని ఒక్కడే పోయేవాడు. మిస్త్రీ రాజయ్య కారు కిందికి దూరి చూసి, చేతులు దులుపుకుంటూ లేచాడు.

"గట్టన్నా, అతుకు వెయ్యమంటె వేస్త. కని దేనికి వెయ్యాలె? అతుకు పట్టుకోనీకి జరంత మంచి రేకన్న ఉండాలె గద."

ఆదిలాబాద్‌లో హనుమండ్లు అనే ఆయన కార్లు అమ్మేవాడు. పాతది తీసుకొని మూడేండ్లు నడిచిన కారు ఇస్తానన్నాడు. ఆదివారం దాకా చూస్తానని కబురు పంపాడు. గట్టయ్య సరే అనలేదు, వద్దనలేదు.

"ఇచ్చెయ్ బాపూ," అంది సరోజన. "అవ్వను మింగింది సాలదా?"

గట్టయ్య కారు తలుపు మీద చెయ్యి వేశాడు. "మీ అవ్వ ఎక్కి దిగిన బండి బిడ్డా... ఆ మలుపుకాడ నేను ఆగితె రాయి పెడ్తది. నా చెవులార విన్న. గీ బండి పోతె ఆమె ఎవలకోసం వస్తది?"

సరోజనకు ఏడుపొచ్చింది. తండ్రికి పిచ్చి పడుతోందని భయమేసింది. తల్లి నిజంగా వస్తోందేమోనన్న ఆశ కూడా ఎక్కడో ఉండిందట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నా ముఖం చూడలేదు.

శనివారం పొద్దున ఆమె ఒకటి చూసింది. తండ్రి కారులో వంగి, చేతిబ్రేకు మొదట్లో ముద్ద కూరుతున్నాడు. అదే చిల్లు, అదే ముద్ద. ఈసారి నూరిచ్చే మనిషి లేదు, తనే నూరుకున్నాడు. ఇచ్చోడ అంగడికి ఆ రాత్రే బయల్దేరాలి.

పొద్దు గూకాక ఆమె, కారులో గంపల మీద కప్పిన పరదా కిందికి దూరి పడుకుంది.

కారు ఘాట్ ఎక్కింది. గంపల్లో బొమ్మలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తున్నాయి. ఇంజను బుసకొట్టడం మొదలైంది... నెమ్మదించింది... ఆగింది.

రాయి మలుపు.

గట్టయ్య చేతిబ్రేకు లాగాడు. బకెట్ పట్టుకొని దిగి ముందుకు పోయాడు. మూత లేపితే ఆవిరి ముఖానికి కొట్టింది.

అప్పుడు వినపడింది... కిర్రుమని, రేకు చినిగే చప్పుడు.

కారు అతని ముందు నుంచి వెనక్కు జరుగుతోంది. వెనకంతా లోయ. బకెట్ వదిలేసి ముందు దీపాన్ని పట్టుకున్నాడు. ఒక్క మనిషికి కారు ఆగుతుందా —

టక్.

కారు ఆగింది.

గట్టయ్య గోడ పట్టుకొని నడిచినట్టు కారు పట్టుకొని వెనక్కు నడిచాడు. వెనక లైటు ఎర్రగా వెలుగుతోంది. ఆ వెలుతురులో, ఎడమ చక్రం దగ్గర ఒక చెయ్యి ఉంది. గాజుల చెయ్యి. రాయి మీద ఉంది.

"చంద్రీ..." అన్నాడు. "వచ్చినవానే..."

చెయ్యి కదిలింది.

"నేను బాపూ."

గట్టయ్య ఆమె రెక్క పట్టి గుంజి రోడ్డు అవతల పడేశాడు. తర్వాత ఆమె పక్కనే కూలబడ్డాడు. చంద్రవ్వను మట్టి చేసిన రోజు కూడా అతను అట్లా ఏడవలేదని సరోజన అంది.

"నువ్వెందుకు దిగినవే... ఆడ ఎందుకు కూసున్నవే..."

"బ్రేకు ఆగదని తెలుసు. పొద్దుగాల్ల చూసిన. బండి ఆగంగనే దిగిన." సరోజన చేతుల మట్టి దులుపుకుంది. "అవ్వ ఉంటె గిట్లనె పెట్టేది గద."

గట్టయ్య ఆమె రెండు చేతులూ పట్టుకొని, వేళ్లన్నీ ఉన్నాయో లేవో చీకట్లో తడిమి చూశాడు.

"తెల్లారి ఇచ్చోడల గంపలు దింపి సీద ఆదిలాబాద్ పోదాం. గీ బండి హనుమండ్లుకు అప్పజెప్త. నేనింక ముద్ద కూరను బిడ్డా. మీ అవ్వ మీద ఒట్టు."

లేచి కారు దగ్గరికి వచ్చారు. గట్టయ్య వంగి చక్రాలు చూశాడు. వంగినవాడు అట్లాగే ఉండిపోయాడు.

"రెండు పెట్టి మంచి పని చేసినవ్," అన్నాడు.

"ఒక్కటే పెట్టిన. ఎడమదానికే."

కుడి చక్రం కింద ఇంకో రాయి ఉంది. చంద్రవ్వ ఆఖరిసారి కూర్చున్నది ఆ చక్రం దగ్గరే. రాయి చక్రానికి గట్టిగా ఆనుకొని ఉంది... ఎవరో ఒత్తి పెట్టినట్టు.

గట్టయ్య నీళ్లు పోసి, ఇంజను నడిపించి, కారును కొంచెం ముందుకు చదునుకు తెచ్చాడు. సరోజన తన రాయిని పక్కకు దొర్లించింది. రెండోదాని మీదికి వంగబోయింది.

"ముట్టకు," అన్నాడు తండ్రి కిటికీలోంచి మెల్లగా. "పెట్టినోళ్లే తియ్యాలె."

ఆమె ఉరికొచ్చి తల్లి కూర్చునే చోట కూర్చుంది. కారు కదిలింది. గట్టయ్య చీకటిని చూస్తూ అన్నాడు. "సాలు చంద్రీ. పిల్లను నేను చూసుకుంట. ఇగ నువ్వు పో."

పది బారలు పోయారో లేదో... వెనక, రోడ్డు మీద, రాయి ఈడుస్తున్న చప్పుడు. నడిమి నుంచి పక్కకు... ఆగి ఆగి... తర్వాత గడ్డిలో పడ్డ చప్పుడు.

సరోజన కళ్లు మూసుకుంది. కారు వేగం తగ్గినట్టు అనిపించి మళ్లీ తెరిచింది. తండ్రి అద్దంలోకి చూస్తున్నాడు. పరుగెత్తి వచ్చే మనిషి అందుకొని ఎక్కేటంత నెమ్మదిగా నడుపుతున్నాడు.

చాలా దూరం అట్లాగే నడిపాడట. ఎవరూ ఎక్కలేదు.