దొరగారి కేసు షీటు

ఆ పొద్దున్న కోడలు స్నానాల గది కడుగుతుంటే పిల్లి మళ్లీ వచ్చి ఇసుక ట్రే ఎక్కింది. వంగి కూర్చుని ఒళ్లంతా బిగబట్టింది. కాసేపటికి దిగిపోయింది. ఆమె చీపురు పక్కన పెట్టి ఇసుకలోకి వంగి చూసింది. ఎక్కడా తడి లేదు.

"అత్తయ్యా, వీడు పొద్దుట్నుంచీ ఎన్నిసార్లు ట్రే ఎక్కాడు?"

పాలు పొంగకుండా కాపలా కాస్తున్న అత్తగారు స్టవ్ తగ్గించి వచ్చింది. "నేను లేచాక ఇది నాలుగోసారి. నిన్న సాయంత్రం నుంచీ ఇదే వరస. కూర్చుంటాడు, దిగుతాడు. మలబద్ధకమేమోనే."

ఇంట్లో ఆ పిల్లిని అందరూ దొర అని పిలుస్తారు. గిన్నె నేలమీద పెడితే ముట్టదు. స్టూలు మీద పెట్టి, పక్కన ఎవరో ఒకరు కూర్చుంటేనే తింటుంది. ఆ కూర్చునేది ఎప్పుడూ అత్తగారే. మామగారు చనిపోయిన ఏడాది, మెట్ల కింద తడిసి ముద్దైన పిల్లకూన దొరికితే ఆవిడే తువ్వాలులో చుట్టి లోపలికి తెచ్చింది. అంతకుముందు నెలల తరబడి పిలిస్తే తప్ప పలకని మనిషి, ఆ మర్నాటి నుంచి పిల్లిని తిట్టడానికైనా నోరు తెరిచింది.

బేకరీలో రాత్రి డ్యూటీ దిగి వచ్చిన భర్త చొక్కా గుండీలు విప్పుకుంటూ, "బావకి చూపించండి. రెండు వీధుల అవతలే కదా," అనేసి పడుకోబోయాడు. బావంటే ఆయన అక్కగారి భర్త, పశువుల డాక్టరు. అత్తగారికి ఆ అల్లుడంటే గొప్ప. ఎవరింట్లో ఎవరికి తుమ్మొచ్చినా, "మా అల్లుణ్ణి అడగనా?" అంటుంది. ఆయన మనుషుల డాక్టరు కాదు కదా అని కొడుకు వేళాకోళం చేస్తే, "డాక్టరు డాక్టరేరా," అని కసురుతుంది.

అత్తాకోడళ్లు వెళ్లేసరికి క్లినిక్కులో ఇంకెవరూ లేరు. డాక్టరు ఫోన్లో ఏదో చూస్తూ, "రండి అత్తయ్యగారూ," అని నవ్వాడు. కోడలు బుట్టని స్టీలు బల్ల మీద పెట్టింది. ఆయన ఎడమ చేత్తో మూత నాలుగు వేళ్ల మేర ఎత్తి, లోపలికి తొంగి చూసి, మళ్లీ మూసేశాడు.

"ఏం లేదు, మలబద్ధకం. కాస్త నూనె పట్టండి. సోమవారం దాకా చూద్దాం."

"అది కాదన్నయ్యగారూ. వీడికి ఒంటికి రావడం లేదు. నిన్న సాయంత్రం నుంచి ఒక్క చుక్క పడలేదు."

"ఇసుకలో పడ్డ చుక్క నీకు కనిపిస్తుందా అమ్మా?"

"ఇసుక ముట్టుకుని చూశాను. ఒక్కసారి పొట్ట పట్టి చూడండి."

ఆయన గట్టిగా నవ్వాడు. "నువ్వు కళ్లజోళ్లు చూసుకో, పిల్లిని నేను చూసుకుంటాను. ఇంటర్నెట్టులో నాలుగు ముక్కలు చదివితే ప్రతిదీ ఎమర్జెన్సీలాగే కనిపిస్తుంది."

కోడలు ఇంకేదో అనబోయింది. అత్తగారు వెనకనుంచి ఆమె చెయ్యి గిల్లింది. "అల్లుడు చెప్పారు కదా. పద."

కోడలు పనిచేసేది కళ్లజోళ్ల షాపు వెనక గదిలో. తిరిగే సాన మీద అద్దం అంచు అరగదీసి, వేలి కొసతో తడిమి చూసి, ఫ్రేములో బిగించడం ఆమె పని. ఆ రోజు ఒకే అద్దాన్ని మూడుసార్లు తడిమినా గరుకు పోయిందో లేదో తెలియలేదు. పదకొండింటికి అత్తగారి ఫోను వచ్చింది.

"అమ్మాయ్, దొర వాంతి చేసుకున్నాడు. బట్టల మిషను వెనక దూరాడు. చెయ్యి వేస్తే అరుస్తున్నాడే. వాడు ఇలా ఎప్పుడూ అరవలేదు."

ఆమె వెంటనే క్లినిక్కుకి ఫోన్ చేసింది. "నూనె పట్టారా?" అన్నాడు డాక్టరు. "పట్టాక కొంత టైము పడుతుందమ్మా. నువ్వు కంగారుపడి ముసలావిణ్ణి కంగారుపెట్టకు." అంతలోనే ఫోను పెట్టేశాడు.

కోడలు సాన ఆపేసింది. షాపు యజమాని గుమ్మంలోనే ఉన్నాడు. "సగం రోజు సెలవు పెడుతున్నాను సార్," అంది. అడగలేదు, చెప్పింది. ఆయన ముఖం చిట్లించినా అడ్డు తప్పుకున్నాడు.

ఊరి అవతలి పక్క ఇంకో పశువుల ఆసుపత్రి ఉందని ఆమె విని ఉంది. ఇంటికి వెళ్లి, మిషను వెనకనుంచి దొరని తీసి బుట్టలో పెట్టి, ఆ బుట్ట ఒళ్లో పెట్టుకుని బస్సులో నలభై నిమిషాలు కూర్చుంది. మొదట్లో పిల్లి అరిచినప్పుడల్లా తోటి ప్రయాణికులు తిరిగి చూశారు. సగం దారిలో అరుపులు ఆగిపోయాయి. అప్పుడే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

అక్కడి డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. బుట్ట మూత పూర్తిగా తీసి, రెండు చేతులూ పిల్లి పొట్ట కింద పెట్టింది. పెట్టిన క్షణంలోనే ఆవిడ ముఖం మారిపోయింది.

"ఎప్పట్నుంచి?"

"నిన్న సాయంత్రం నుంచి."

"మూత్రం దారి మూసుకుపోయింది. సంచి రాయిలా ఉంది. మగ పిల్లులకి ఇది చాలా ప్రమాదం. విషం రక్తంలోకి ఎక్కుతోంది, గుండె కొట్టుకోవడం అప్పుడే నెమ్మదించింది. రాత్రి దాకా ఆగి ఉంటే మీరు తెచ్చి లాభం ఉండేది కాదు. ఇక్కడ సంతకం పెట్టండి, లోపలికి తీసుకెళ్తున్నాను."

మత్తిచ్చి, సన్నటి గొట్టం వేసి దారి తెరిచారు. సెలైను ఎక్కించారు. మూడు రోజులు అక్కడే ఉంచుకున్నారు. ఆ మూడు రోజులూ అత్తగారు స్టూలు దగ్గరకి వెళ్లలేదు. అల్లుడి పేరు కూడా ఎత్తలేదు.

నాలుగో రోజు పిల్లిని అప్పగిస్తూ డాక్టరమ్మ ఒక కాగితం తీసింది. మొదట చూసిన క్లినిక్కు నుంచి ఆవిడ అడిగి తెప్పించుకున్న కేసు షీటు అది.

"మీరు ముందు చూపించిన చోట పొట్ట పరీక్ష చేశారా?" అని అడిగింది.

"లేదండీ. బుట్టలోంచి బయటికే తియ్యలేదు."

డాక్టరమ్మ కాగితం ఇటు తిప్పింది. అందులో ఇలా ఉంది: "పొట్ట తడిమి చూడడమైనది. మూత్రాశయం చిన్నదిగా, మెత్తగా ఉన్నది."

కోడలు ఆ వాక్యం రెండుసార్లు చదివింది. అప్పటిదాకా ఆమెలో ఉన్నది కోపం. పొరపాటు ఎవరైనా చేస్తారులే అని ఆ కోపాన్ని తనే సముదాయించుకుంటూ వచ్చింది. ఈ రెండు ముక్కలు చదివాక ఇక సముదాయించుకోబుద్ధి కాలేదు.

ఇంటికి వచ్చి కాగితం భర్తకు చూపించింది. ఆయన చదివి, తల గోక్కుని, మడిచి ఇచ్చేశాడు.

"దొర బతికాడు కదా. వదిలెయ్."

"బతికింది మీ బావ వల్ల కాదు."

"కాదు, ఒప్పుకుంటాను. కానీ ఇది పెద్దది చేస్తే మధ్యలో నలిగేది అక్క."

"నేను అక్కని ఏమీ అనడం లేదండీ. రేపు ఇంకెవరో బుట్ట పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్తారు. సోమవారం దాకా చూద్దాం అంటే నమ్మి ఇంటికి వెళ్లిపోతారు. వాళ్లకి బస్సెక్కాలని తోచకపోతే?"

"అయితే ఏం చేస్తావు?"

"వాళ్లని ఆదివారం పిలవండి. ముందు ఆయన ముఖం మీదే అడుగుతాను. నిజం ఒప్పుకుంటే సరే. లేదంటే పశువైద్యుల మండలికి ఫిర్యాదు పంపుతాను. ఈ రాత్రికే రాసి పెడతాను."

పక్క గదిలోంచి అత్తగారు అంతా వింది. రాత్రి భోజనాల దగ్గర కోడలి పళ్లెంలో వడ్డిస్తూ, "అల్లుడే, అమ్మాయ్. కాస్త చూసుకుని మాట్లాడు," అని మాత్రం అంది.

ఆదివారం మధ్యాహ్నం వదినా, ఆమె భర్తా వచ్చారు. భోజనాలయ్యాయి. పిల్లి అత్తగారి ఒళ్లో పడుకుని ఉంది. సెలైను కోసం గొరిగిన ముందుకాలు సన్నగా, గులాబి రంగులో, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు కనిపిస్తోంది. కోడలు కాగితం తెచ్చి డాక్టరు ముందు పెట్టింది.

"అన్నయ్యగారూ, ఇది మీరు రాసిందేనా?"

ఆయన చూసి, "అవును. ఏం?" అన్నాడు.

"పొట్ట తడిమానని రాశారు. తడిమారా?"

"తడమకుండా ఎందుకు రాస్తాను? పొద్దున మెత్తగా ఉన్నది మధ్యాహ్నానికి బిగుసుకుని ఉండొచ్చు. రోగం పెరుగుతుంది, ఆ మాత్రం తెలుసుకోవాలి."

"మీరు బుట్ట మూతే సరిగ్గా తియ్యలేదు."

వదిన గిన్నె ఠపీమని కింద పెట్టింది. "ఏమిటిది? భోజనానికి పిలిచి కోర్టు పెట్టారా? ఆయన పాతికేళ్ల నుంచి డాక్టరు. నువ్వేమన్నా చదివావా?"

"చదవలేదు వదినా. నేను అద్దాలు అరగదీస్తాను. కొలత తీసుకోకుండా తీసుకున్నానని రాస్తే, ఆ అద్దాలు పెట్టుకున్న మనిషి మెట్లు దిగుతూ పడతాడు. అప్పుడు నాకు పాతికేళ్ల అనుభవం ఉన్నా వాడికెందుకు?"

"ఒరే, నువ్వు మాట్లాడవేం?" అని వదిన తమ్ముడి మీదకు తిరిగింది. "మీ ఆవిడ నా మొగుణ్ణి అబద్ధాలకోరు అంటుంటే చూస్తూ కూర్చున్నావు!"

భర్త అక్క వైపు తిరిగాడు. "నేనక్కడ లేనక్కా," అన్నాడు నెమ్మదిగా. "అమ్మ ఉంది."

అందరూ అత్తగారి వైపు తిరిగారు. ఆవిడ పిల్లి వీపు నిమురుతూనే ఉంది. కూతురి ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో బతిమాలుతున్నట్టున్న చూపు చూసి కళ్లు దించుకుంది. కోడలు ఒక్క మాటా సాయం చెయ్యలేదు. ఈ మాట అత్తగారి నోటి నుంచి రావాల్సిందే తప్ప ఎవరూ లాగకూడదని ఆమెకు తెలుసు.

"మీరు వాణ్ణి ముట్టుకోలేదు బాబూ," అంది అత్తగారు.

"అమ్మా!" అంది వదిన.

"ఉండవే. నాకు బాబంటే ఎంత గౌరవమో నీకు తెలుసు. ఆ గౌరవంతోనే ఆ రోజు కోడలి చెయ్యి గిల్లి బయటికి లాక్కొచ్చాను. అది నా మాట వినుంటే వీడు ఈ ఒళ్లో ఉండేవాడు కాదు." ఆవిడ పిల్లిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "తప్పు చెప్పారని నాకు బాధ లేదు బాబూ. చూడకుండా చూశానన్నారు. అదే నాకు మింగుడు పడట్లేదు."

డాక్టరు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. ఆయన కుడి చెయ్యి బల్ల కిందకి జారింది. వదిన అది చూసింది. కోపంగా ఉన్న ఆమె ముఖం మెల్లగా మారింది.

"ఏమండీ," అంది, "చెయ్యి ఇంకా..."

ఆయన చెయ్యి బయటికి తీసి అందరి ముందూ బల్ల మీద పెట్టాడు. చిటికెన వేలు, దాని పక్కది సగమే ముడుచుకున్నాయి. పోయిన ఏడాది ఒక పిల్లి కరిచి, చీము పట్టి, ఆపరేషను దాకా వెళ్లింది. అది ఇంట్లో అందరికీ తెలుసు. తగ్గిపోయిందనే అందరూ అనుకున్నారు.

"చెయ్యి తగ్గింది," అన్నాడాయన. "భయం తగ్గలేదు. కుక్కలైతే ఫర్వాలేదు. పిల్లి బుట్ట కనిపిస్తే చాలు, ఒళ్లంతా చెమట. మూత ఎత్తుతాను, చూస్తాను, మూసేస్తాను. నోటికొచ్చిన మందు చెప్తాను. ఎనిమిది నెలలుగా ఇంతే." భార్య వైపు చూడలేకపోయాడు. "నీక్కూడా చెప్పలేదు. పిల్లికి భయపడే పశువుల డాక్టరంటే జనం నవ్వరూ?"

ఎవరూ నవ్వలేదు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కోడలికి జాలి వేసింది. ఆ జాలికి లొంగిపోతే ఇంతా చేసి ఏమీ చెయ్యనట్టేనని కూడా తెలిసింది. కలం తీసి ఆయన ముందు పెట్టింది.

"భయం తప్పు కాదన్నయ్యగారూ. దాచిపెట్టి పంపెయ్యడం తప్పు. ఈ వాక్యం కొట్టేసి, జరిగింది రాసి సంతకం పెట్టండి. మీ భయం తగ్గే దాకా పిల్లులని చూడనని క్లినిక్కు తలుపు మీద కాగితం అంటించండి. డాక్టరమ్మ నంబరు కూడా దాని మీద వెయ్యండి. ఈ రెండూ చేస్తే నా ఫిర్యాదు ఇంట్లోనే ఉంటుంది."

"చెయ్యకపోతే?"

"రేపు పొద్దున పోస్టు చేస్తాను. మీరంటే కోపంతో కాదు."

ఆయన కాగితం దగ్గరికి లాక్కున్నాడు. కలం అందుకున్నాడు. వాక్యం మీద గీత గీసి, కింద వంకర అక్షరాలతో రాశాడు: "జంతువును చేతితో పరీక్షించలేదు." సంతకం పెట్టి, లేచి, అత్తగారి ముందు నిలబడ్డాడు. "తప్పయింది అత్తయ్యగారూ," అన్నాడు. ఆవిడ తల ఊపింది, అంతే. వదిన ఎవరితోనూ మాట్లాడకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం కోడలు గిన్నెలు కడుగుతుంటే అత్తగారు పక్కకొచ్చి నిలబడింది. కోడలి తడి చెయ్యి పట్టుకుని, ఆ రోజు తను గిల్లిన చోట బొటనవేలితో రాసింది. "నొప్పి పుట్టిందా అమ్మా?" అంది. ఇద్దరికీ కళ్లు నిండాయి.

తరవాత నెలరోజులు వదిన ఆ గుమ్మం తొక్కలేదు. తమ్ముడికి ఫోను చేసినా పొడిపొడిగా మాట్లాడి పెట్టేసేది. కోడలికి అది ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. క్లినిక్కు తలుపు మీద కాగితం అంటించి ఉందని మాత్రం వస్తూ పోతూ చూసుకునేది.

ఒక మధ్యాహ్నం ఆమె సాన ముందు ఉండగా ఫోను మోగింది. డాక్టరు.

"ఇందాక ఒకాయన పిల్లిని తెచ్చాడమ్మా. తలుపు మీద కాగితం చూసి, బుట్టతో సహా గుమ్మంలోనే నిలబడిపోయాడు. మూలుగు నాకు లోపలికే వినిపించింది. అచ్చం మీ దొర లాంటి మూలుగు." ఆయన ఊపిరి తీసుకోవడం వినిపించింది. "తోలు గ్లౌజులు వేసుకున్నాను. తువ్వాలు చుట్టి పట్టుకోమని ఆయనకి చెప్పాను. పొట్ట పట్టి చూశాను. రాయిలా ఉంది. డాక్టరమ్మకి ఫోను చేసి, నా కార్లోనే తీసుకెళ్లి దింపాను. గొట్టం వేశారు. బతుకుతుందట."

ఆమె సాన ఆపింది. "చేతులు వణికాయా అన్నయ్యగారూ?"

"వణికాయి."

"అయినా చూశారు."

"చూశాను," అన్నాడాయన. ఆ గొంతులో ఏడుపూ నవ్వూ కలిసి ఉన్నాయి.

"అత్తయ్యకి మీరే ఫోను చేసి చెప్పండి. నేను చెప్తే ఆవిడకి సగమే ఆనందం."

సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి అత్తగారు వీధి గుమ్మంలోనే నిలబడి ఉంది. ముక్కు ఎర్రగా ఉంది.

"అల్లుడు ఫోను చేశాడు. అరగంట మాట్లాడాడు. తరవాత మీ వదిన ఫోను తీసుకుంది. ఆదివారం వస్తారా అని అడిగాను."

"ఏమందండీ వదిన?"

"నువ్వు రమ్మంటావా అని అడిగింది."

కోడలు భుజాన ఉన్న సంచీ కూడా దించలేదు. ఫోను తీసి అక్కడే, మెట్ల మీద కూర్చుని, వదిన నంబరు నొక్కింది. అవతల ఒక్క రింగుకే ఎత్తారు.